సోయాకు పట్టే బూజులు: చక్రవడ్డీవి కొన్ని, బారువడ్డీవి కొన్ని

ఆగస్టు నెలాఖరుకల్లా ఆదిలాబాద్, నిర్మల్ వైపు సోయా చేలల్లో ఒక మాట మొదలవుతుంది: "ఫంగస్ కొట్టింది." ఆకు పసుపెక్కినా ఫంగసే, మొక్క నిలువునా ఎండినా ఫంగసే, కాయ మీద నల్ల మచ్చ పడినా ఫంగసే. ఎవరో తీసిన ఫొటో ఒకటి ఫోన్లలో ఊరూరా తిరుగుతుంది. మందుల దుకాణానికి వెళ్తే ఏదో ఒక డబ్బా చేతిలో పెడతారు. చిక్కేమిటంటే, పైన చెప్పిన మూడూ మూడు వేరు జబ్బులు. మొదటిది చాలాసార్లు అసలు ఫంగసే కాదు. మిగతా రెండూ ఫంగస్‌లే అయినా ఒకటి వచ్చే దారి వేరు, రెండోది వచ్చే దారి వేరు. ఒకటి వానకు చెలరేగుతుంది, ఇంకొకటి వాన లేకపోతేనే చెలరేగుతుంది.

అందుకే "సోయాలో ఫంగస్ ఎంత ప్రమాదం?" అన్న ప్రశ్నకు ఒకే జవాబు ఉండదు. ఏ ఫంగస్, ఏ దారిన వచ్చింది, పంట ఎన్ని రోజులప్పుడు వచ్చింది అన్నది తేలితే తప్ప ఆ ప్రశ్నకు అర్థమే లేదు.

పసుపెక్కిన ఆకు దగ్గర జరిగే పొరపాటు

మినుము, పెసర వేసేవాళ్లకు పల్లాకు తెగులు బాగా తెలుసు. ఆకు మీద పసుపు, ఆకుపచ్చ మచ్చలు కలగలిసి మొక్క మొత్తం పసుపు బారుతుంది. సోయాలోనూ అదే జాతి జబ్బు వస్తుంది. దానికి కారణం వైరస్. మోసుకొచ్చేది తెల్లదోమ. బూజును చంపే మందు ఎంత కొట్టినా వైరస్‌కు చీమ కుట్టినట్టయినా ఉండదు. డబ్బు పోయింది, జబ్బు అలాగే ఉంది, "మందు నకిలీది" అన్న మాట మాత్రం మిగిలింది. ఇలాంటి ఫిర్యాదులు కొన్నిటి వెనక నకిలీ మందు నిజంగానే ఉండొచ్చు. కానీ అసలు మందే ఆ జబ్బుది కాకపోవడం కూడా తక్కువేమీ కాదు.

బాక్టీరియా వల్ల వచ్చే ఆకు పొక్కులు ఇంకో మోసం. చిన్న గోధుమ రంగు బుడిపె, చుట్టూ పసుపు వలయం. దూరం నుంచి చూస్తే తుప్పు తెగులు అనే అనిపిస్తుంది. తేడా ఆకు అడుగున తెలుస్తుంది. తుప్పు పొక్కును భూతద్దంలో చూస్తే చిన్న అగ్నిపర్వతంలా నోరు తెరుచుకుని ఉంటుంది, తెల్లగుడ్డతో రుద్దితే లేత గోధుమ రంగు పొడి అంటుతుంది. బాక్టీరియా పొక్కుకు పొడి ఉండదు.

మరీ లోతుకు వెళ్తే, నీరు నిలిచిన చేలల్లో వేరును కుళ్లబెట్టే ఫైటోఫ్తోరా కూడా ఖచ్చితంగా చెప్పాలంటే ఫంగస్ కాదు. అది నీటిలో ఈదగల బీజాలున్న వేరే జీవజాతి, నాచుకు దగ్గరి చుట్టం. ఇది శాస్త్రవేత్తల పట్టింపు అనుకోవద్దు. కొన్ని ఫంగస్ మందులు దాని మీద పనిచేయకపోవడానికి కారణం ఇదే.

పొయ్యికి మూడు రాళ్లు

శిలీంధ్రాలంటే రొట్టె మీద బూజు, వానాకాలం పుట్టగొడుగు, ఇడ్లీ పిండి పులియడానికి సాయపడే ఈస్టు, అన్నీ ఆ కుటుంబమే. వాటికి పత్రహరితం లేదు కాబట్టి తిండి సొంతంగా చేసుకోలేవు. కొన్ని కుళ్లిన చెత్త తింటాయి, కొన్ని బతికున్న మొక్కను తింటాయి. విత్తనాలకు బదులు కంటికి కనిపించని సిద్ధబీజాలను వదులుతాయి.

బీజం పడగానే జబ్బు రాదు. జబ్బు పడే రకం పంట, జబ్బు చేసే బూజు, దానికి అనువైన వాతావరణం, ఈ మూడూ ఒకే వేళకు కుదరాలి. పొయ్యికి మూడు రాళ్లలాగ, ఒకటి లేకపోతే గిన్నె నిలవదు. ఫలానా జిల్లాలో తెగులు కనబడిందన్న వార్తలో రెండో రాయి సంగతి మాత్రమే ఉంటుంది. మిగతా రెండు రాళ్ల సంగతి మన చేనును చూస్తేనే తెలుస్తుంది.

తుప్పు తెగులు: తొమ్మిది రోజులకో వాయిదా

సోయాకు పట్టే శిలీంధ్రాలన్నిటిలో ప్రపంచాన్ని ఎక్కువ భయపెట్టింది తుప్పు. దీని శాస్త్రీయ నామం ఫకోప్సోరా పాకిరైజీ. నోరు తిరగని పేరే, కానీ దీని బతుకు తీరు తెలిస్తే మిగతాదంతా సులువు.

ఇది బతికున్న పచ్చి ఆకు మీదే బతుకుతుంది. ఎండిన ఆకులో, మట్టిలో, విత్తనంలో నిలవలేదు. విత్తనం సంచితో వచ్చే జబ్బు కాదు ఇది, గాలితో వచ్చేది. చాలా తుప్పు బూజులు ఆకుకున్న శ్వాసరంధ్రాల్లోంచి దూరితే, ఇది నేరుగా ఆకు పైపొరను చీల్చుకుని లోపలికి పోతుంది. అందుకు ఆకు కనీసం ఆరు గంటలు తడిగా ఉండాలి, వేడి సుమారు 18 నుంచి 26 డిగ్రీల మధ్య ఉండాలి. ముసురు పట్టిన రోజులు, తెల్లవారేదాకా మంచు, పైన మబ్బు ఉంటే దానికి పండగే. బీజం పడ్డ వారానికి మచ్చ, తొమ్మిది పది రోజులకు ఆ మచ్చలోంచి కొత్త బీజాలు. అవి పక్క మొక్కకు, ఆ పక్క చేనుకు.

1963లో దక్షిణాఫ్రికా శాస్త్రవేత్త వాన్ డెర్ ప్లాంక్ మొక్కల జబ్బులను వడ్డీ లెక్కలతో పోల్చాడు. కొన్ని జబ్బులు ఒకే పంటకాలంలో తరం మీద తరం పెరుగుతాయి, వచ్చిన వడ్డీ మళ్లీ అసలులో కలుస్తుంది. అవి చక్రవడ్డీ జబ్బులు. కొన్ని ఏడాదికి ఒక్కసారే పట్టుకుంటాయి, మట్టిలో ఎంత అసలు ఉంటే అంతకు తగ్గ దెబ్బ. అవి బారువడ్డీ జబ్బులు. అప్పుల సంగతి తెలిసిన ఊళ్లో ఈ పోలికకు వేరే వివరణ అక్కర్లేదు.

తుప్పు చక్రవడ్డీ. లెక్క వేసి చూద్దాం. అంకెలు సులువు కోసం నేను అనుకున్నవే: ఎకరంలో మొదట 100 మచ్చలు, ప్రతి పది రోజులకు ఒక్కో మచ్చ 8 కొత్త మచ్చలవుతుంది. పంట 95 రోజులకు ముదిరిపోతుంది.

తెగులు 45వ రోజున వస్తే పదేసి రోజుల వాయిదాలు ఐదు దొరుకుతాయి. 100ని ఐదు సార్లు 8తో హెచ్చిస్తే దాదాపు 32.8 లక్షల మచ్చలు. ఎకరానికి 1.8 లక్షల మొక్కలనుకుంటే మొక్కకు 18. అదే తెగులు 75వ రోజున వస్తే రెండే వాయిదాలు, 6,400 మచ్చలు. ఇరవై ఎనిమిది మొక్కలకు ఒక్క మచ్చ. బూజు అదే, చేను అదే, ముప్పై రోజుల తేడాకు ఫలితం 512 రెట్లు మారింది. నిజమైన చేనులో ఆకులు నిండిపోయాక వేగం తగ్గుతుంది కాబట్టి లెక్క ఇంత నున్నగా రాదు, కానీ నడక ఇదే.

ఈ లెక్కతోనే ఇంకొకటి. సగం తట్టుకునే రకం వేశామనుకుందాం, 8 కాస్తా 4 అయింది. ఐదు వాయిదాల తర్వాత 1,02,400 మచ్చలు. 32 రెట్లు తక్కువ. రకానికి తెగులు రానే రాదని కాదు, వడ్డీ రేటు తగ్గింది, అంతే.

మరి మందు? నూటికి 90 మచ్చలు ఆపే మందు కొడితే 100 మచ్చలు 10 అవుతాయి. ఆ పది మళ్లీ వంద కావడానికి ఒక వాయిదా కన్నా కాస్త ఎక్కువ, అంటే సుమారు 11 రోజులు పడుతుంది. మందు చేసింది అసలు తగ్గించడమే, రేటు అలాగే ఉంది. "మొన్ననే కొట్టాం, మళ్లీ వచ్చింది" అన్న మాటలో ఆశ్చర్యపోవాల్సింది ఏమీ లేదు. పదకొండు రోజులు కొన్నారు. వంద రోజుల పంటకు పదకొండు రోజులు చిన్నవేం కావు, సరైన వేళ కొంటే.

జపాన్ నుంచి తుపాను రెక్కల మీద

ఈ బూజును మొదట గుర్తించింది 1902లో, జపాన్‌లో. చాలా దశాబ్దాలు అది ఆసియా, ఆస్ట్రేలియాల జబ్బుగానే ఉండిపోయింది. 1994లో హవాయి దీవుల్లో కనబడింది. 1996లో ఉగాండా, తర్వాత రెండేళ్లలో జాంబియా, జింబాబ్వే. 2001లో అట్లాంటిక్ అవతల పరాగ్వేలో, బ్రెజిల్‌లో. ఎండలోని అతినీలలోహిత కిరణాలు ఈ బీజాలను చంపుతాయి. ఆకాశం నిర్మలంగా ఉంటే అవి దూరం పోలేవు. మబ్బు చాటున మాత్రం సముద్రాలు దాటగలవు.

2004 సెప్టెంబరులో ఐవన్ అనే హరికేన్ దక్షిణ అమెరికా ఉత్తరపు అంచు పక్కగా వచ్చి అమెరికా దక్షిణ తీరాన్ని కొట్టింది. అదే ఏడాది నవంబరులో లూసియానాలో తుప్పు బయటపడింది. బీజాలు ఆ తుపానుతోనే వచ్చాయన్నది శాస్త్రవేత్తలు ఎక్కువగా నమ్మే వివరణ.

ఇక్కడి నుంచి ఒకే బూజుకు రెండు కథలు. అవి పక్కపక్కన పెట్టి చూడాల్సినవి.

బ్రెజిల్‌లో మంచు గడ్డకట్టే చలి దాదాపు లేదు. ఏడాది పొడవునా ఎక్కడో ఒకచోట పచ్చి సోయా ఉంటుంది. అంటే కొత్త పంట వేసేసరికి అప్పుకు అసలు లాంటి మొదటి బీజాలు సిద్ధంగా ఉంటాయి. జబ్బును అదుపులో ఉంచడానికి ఆ దేశం పెడుతున్న ఖర్చు ఏటా 200 కోట్ల డాలర్లు దాటుతుందని పరిశోధకుల అంచనా. దిక్కులేక వాళ్లు 2006 నుంచి ఒక పద్ధతి తెచ్చారు: రాష్ట్రాన్ని బట్టి 60 నుంచి 90 రోజులు పొలంలో బతికున్న సోయా మొక్క ఒక్కటీ ఉండకూడదు. కోతప్పుడు రాలి తనంతట మొలిచిన మొక్కల్నీ పీకేయాలి. చట్టమే అది. పైన చూసిన లెక్కలో అయితే ఇది అసలును నూటికి 99 వంతులు తగ్గించడం. అలా తగ్గించినా దొరికేది 22 రోజుల ఆలస్యమే. కానీ ఆ 22 రోజుల్లోనే కాయ గట్టిపడిపోతుంది.

అమెరికాలో కథ అడ్డం తిరిగింది. తెగులు వస్తే మొదటి ఏడాదే 64 కోట్ల నుంచి 130 కోట్ల డాలర్ల దాకా నష్టమని అక్కడి వ్యవసాయ శాఖ ముందే అంచనా వేసి ఉంది. అంత నష్టం రాలేదు. అయోవా, ఇల్లినాయ్ వంటి పెద్ద సోయా రాష్ట్రాల్లో చలికి పచ్చదనమంతా చచ్చిపోతుంది, దాంతో బూజూ చస్తుంది. ఫ్లోరిడా, గల్ఫ్ తీరాల్లో కుడ్జు అనే కలుపు తీగ మీద మాత్రమే చలికాలం గడుపుతుంది. అక్కడి నుంచి ప్రతి ఏడూ కొత్తగా ఉత్తరానికి ప్రయాణం కట్టాలి. చేరేసరికి పంట ముదిరిపోతుంది. మన లెక్కలోని 75వ రోజు రాక అన్నమాట.

రాకముందు వేసిన ఆ అంచనా తప్పా? ఈ విషయంలో నాకు వాళ్లను తప్పుపట్టాలని లేదు. అంత భయం లేకపోతే 2005లో దేశమంతా కాపలా మళ్లు వేసేవారు కాదు. రైతుల పంటకన్నా ముందు విత్తిన చిన్న మడి, దాన్ని వారంవారం చూసే మనిషి, ఫలితం అందరికీ కనిపించే పటం. ఆ పటం చూసి లక్షల ఎకరాల్లో రైతులు మందు కొట్టకుండా ఊరుకున్నారు. ఆ సమాచారం వల్ల ఆ ఒక్క ఏడాదే రైతులకు కలిసొచ్చింది 1.1 కోట్ల నుంచి 29.9 కోట్ల డాలర్ల మధ్య అని తర్వాత లెక్కగట్టారు. మధ్య దూరం చాలా పెద్దదే, కాదనలేం.

కృష్ణ ఎగువన తుప్పు, గోదావరి పక్కన ఎప్పుడో ఒకసారి

మన దేశంలో తుప్పుకు పుట్టిల్లు లాంటి చోటు కృష్ణా నది పైభాగం. మహారాష్ట్రలో సాంగ్లీ, కొల్హాపూర్, సతారా, కర్ణాటకలో బెళగావి, ధార్వాడ. బెళగావి జిల్లా ఉగార్ ఖుర్ద్ అనే ఊళ్లో తెగులు ఎంత నమ్మకంగా వస్తుందంటే, కొత్త రకాలను తుప్పుకు పరీక్షించడానికి శాస్త్రవేత్తలు అక్కడికే పోతారు. చల్లటి వానాకాలం, పొద్దుటి మంచు, దానికి తోడు నీటి వసతి ఉన్నచోట వేసవిలోనూ సోయా. మూడు రాళ్లూ ఏడాది పొడవునా దగ్గరదగ్గరగానే ఉంటాయి. 1994లో మాత్రం తుప్పు అక్కడితో ఆగలేదు. మధ్యప్రదేశ్, మహారాష్ట్ర, కర్ణాటకల్లో పెద్ద ఎత్తున విరుచుకుపడింది.

తెలంగాణలో సోయా ఎక్కువగా ఉండేది ఆదిలాబాద్, నిర్మల్, కామారెడ్డి, నిజామాబాద్, సంగారెడ్డి జిల్లాల్లో. నల్లరేగడి నేల, జూన్ వానలకు విత్తడం, అక్టోబరుకు కోత. వేసవిలో ఆ చేలు ఎండి నెర్రెలు విచ్చుకుని ఉంటాయి. మే నెల ఎండలో పచ్చి సోయా ఆకు ఎక్కడుంటుంది? అంటే ఇక్కడ ప్రతి ఏడూ తెగులు బయటి నుంచి రావాల్సిందే. మన పరిస్థితి బ్రెజిల్ కన్నా అమెరికాకు దగ్గర. చలికి బదులు ఎండ ఆ పని చేస్తోంది. అయితే నైరుతి రుతుపవనాల గాలి కృష్ణా ఎగువ నుంచి ఈశాన్యానికే వీస్తుంది, ఆ దారిలోనే మనమున్నాం. ఆగస్టులో ముసురు ఎడతెగకుండా పట్టిన ఏడాది లెక్క మారిపోవచ్చు. వేసవిలో విత్తనం కోసం నీళ్లు పెట్టి సోయా వేయడం పెరిగేకొద్దీ ఆ ఎండ కాపలా సన్నబడుతుందన్నది కూడా గుర్తుంచుకోవాలి.

వాన ముఖం చాటేసిన ఏడాది వచ్చే బొగ్గు కుళ్ళు

ఇప్పుడు పూర్తిగా తలకిందులైన కథ. ఆగస్టులో ఇరవై రోజులు చినుకు లేదు. పూత దాటి కాయ పడుతోంది. ఉన్నట్టుండి చేనులో అక్కడక్కడా మొక్కలు వాడి, ఆకులు మొక్కకే అంటుకుని ఎండిపోతాయి. చూసినవాళ్లు నీళ్లు లేక ఎండిందంటారు. ఒక మొక్కను పీకి మొదలు దగ్గర బెరడు గీకి చూస్తే, లోపల బొగ్గుపొడి చల్లినట్టు, మిరియాల పొడి రుద్దినట్టు నల్లటి నలకలు. మాక్రోఫోమినా అనే ఫంగస్ గుర్తు అది.

ఆ నల్ల నలకలే దాని నిల్వ ధనం. మట్టిలో రెండేళ్లు, ఇంకా ఎక్కువ కూడా అలాగే పడి ఉంటాయి. నేల వేడెక్కి, మొక్క దాహంతో నీరసించినప్పుడు వేళ్లలోకి దూరుతాయి. 28 నుంచి 35 డిగ్రీల వేడి దానికి హాయి. ఇది గాలికి ఎగిరి పక్క చేనుకు పోయే రకం కాదు. ఈ ఏడాది చచ్చిన మొక్క పక్క మొక్కకు అంటించదు, వచ్చే ఏటికి మట్టిలో అసలు పెంచి పోతుంది. అదీ బారువడ్డీ.

ఒక్క తేడాతో ఎన్ని మారిపోతాయో చూడండి. మచ్చ కనబడ్డాక ఆకు మీద మందు కొట్టడం ఇక్కడ వృథా, బూజు వేరులో ఉంది. పంట మార్పిడి వల్ల మేలు ఉంటుంది గానీ అంతంతే, ఎందుకంటే ఈ ఫంగస్ 500కు పైగా మొక్కల మీద బతుకుతుంది. మొక్కజొన్న, జొన్న, పత్తి, శనగ, కంది అన్నీ దానికి ఇల్లే. ఈ జబ్బులో తేమ రైతు వైపు నిలబడుతుంది. తుప్పులో అదే తేమ బూజు వైపు నిలబడుతుంది. "వానలెక్కువ, కాబట్టి ఫంగస్ ఎక్కువ" అన్న సూత్రం సగమే నిజం అనడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ లేదు. అసలు టెన్షన్ ఎక్కడంటే, ఒకే ఏడాదిలో జూలై అంతా ముసురు, ఆగస్టు అంతా ఎండ ఉంటే రెండు జబ్బులకూ వంతు వస్తుంది.

కోత వేళ వాన, గింజలో దాక్కునే బూజు

మూడో దారి విత్తనం. కాయల మీద నల్ల మచ్చలు పెట్టే ఆంత్రాక్నోస్, గింజను ఊదారంగుకు తిప్పే సెర్కోస్పోరా, గింజను సున్నం కొట్టినట్టు తెల్లబరిచి చిట్లగొట్టే ఫోమాప్సిస్, ఇవన్నీ గింజ లోపలే ఉండి వచ్చే పంటకు ప్రయాణం కడతాయి. వీటికి అదను సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో కాయ ఎండుతుండగా పడే వాన.

వీటి దెబ్బ దిగుబడి కాటాలో కన్నా రెండు వేరే చోట్ల కనబడుతుంది. ఒకటి మార్కెట్ యార్డు. రంగు మారిన, ముడుచుకున్న గింజ ఉంటే ధర కోస్తారు. రెండోది వచ్చే జూన్. సోయా గింజ పెంకు పల్చన, మొలక శక్తి తొందరగా పోయే గింజ. ధ్రువీకరించిన విత్తనానికి ప్రభుత్వం పెట్టిన కనీస మొలక శాతం 70 మాత్రమే, మొక్కజొన్నకైతే 90. అలాంటి సున్నితమైన గింజలో బూజు కూడా ఉంటే, ఇంట్లో దాచిన విత్తనం సగం కూడా మొలవకపోవచ్చు. అప్పుడు "ఈ ఏడు విత్తనం బాలేదు" అంటాం. అసలు కథ కిందటి అక్టోబరు వానది.

కొట్టాలా, ఆగాలా: రెండు వాదాలూ లెక్కలోంచే

ముందుగానే కొట్టేయాలనేవాళ్ల వాదన బలమైనదే. తుప్పు మచ్చ కింది ఆకుల మీద, ఆకు అడుగున మొదలవుతుంది. పైనుంచి చూసేవాడికి కనబడేసరికి రెండు వాయిదాలు గడిచిపోతాయి. చక్రవడ్డీలో ఆలస్యానికి చెల్లించే ధర ఏమిటో పైన చూశాం. ఆగమనేవాళ్ల వాదన: రాని జబ్బుకు మందెందుకు? ఖర్చు ఒకటి, మందుకు బూజు అలవాటు పడిపోవడం ఇంకొకటి.

ఎకరానికి 8 క్వింటాళ్లు, ధర 2025-26 మద్దతు ధర 5,328 రూపాయలు అనుకుందాం. ఒకసారి మందు, కూలీ కలిపి 900 రూపాయలు. అంటే 17 కిలోల గింజ మిగిలితే ఖర్చు వెనక్కి వచ్చినట్టే, దిగుబడిలో నూటికి 2 వంతులు. వినడానికి చాలా చౌక బేరం. దుకాణంలో చెప్పే లెక్క ఇదే.

కానీ అందులో జబ్బు తప్పకుండా వస్తుందన్న ఊహ దాగి ఉంది. వస్తే 15 శాతం, అంటే 1.2 క్వింటాళ్లు పోతుందని, మందు దాన్ని పూర్తిగా ఆపుతుందని ఒప్పుకుందాం. ఆ గింజ విలువ 6,394 రూపాయలు. ఐదేళ్లకోసారి జబ్బు వచ్చే చోట ఏడాదికి సగటు లాభం 1,279 రూపాయలు, ఖర్చు 900. కొట్టడమే మేలు. ఇరవై ఏళ్లకోసారి వచ్చే చోట సగటు లాభం 320 రూపాయలు, ఖర్చు అదే 900. ప్రతి ఏడూ 580 రూపాయలు నేలపాలు. రైతూ అదే, మందూ అదే, మారింది ఊరు. కొల్హాపూర్ రైతు సలహా నిర్మల్ రైతుకు ఎందుకు పనికిరాకపోవచ్చో, దానికి ఎవరి తెలివి తక్కువతనమూ కారణం కాదో ఈ లెక్క చెబుతుంది. యార్డులో ధర మద్దతు ధరకు దిగువన ఉంటే లాభనష్టాల మధ్య గీత ఇంకా జరుగుతుంది.

సగటు లెక్కను నమ్మలేనివాళ్లూ ఉంటారు, వాళ్లదీ న్యాయమే. అప్పు మీద నడిచే ఇంటికి ఒక్క ఏడాది పంట పోవడం "సగటు" కాదు. వాళ్లు మందుకు పెట్టే 900ను బీమా కిస్తీలా చూస్తారు.

మందు మొండికేసిన బ్రెజిల్ అనుభవం

బ్రెజిల్‌లో మొదట టెబుకొనజోల్ లాంటి ట్రయజోల్ మందులు బ్రహ్మాండంగా పనిచేశాయి. కొన్నేళ్లకే వాటి పట్టు సడలింది. స్ట్రాబిలురిన్లు అనే ఇంకో కుటుంబం మందులు కలిపారు. 2013-14 పంటకాలం నాటికి ఆ మందు పట్టుకునే ప్రోటీన్‌లో 129వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారిన బూజులు దేశమంతా కనబడ్డాయి. మూడో కుటుంబం మందులు తెచ్చారు, రెండు మూడేళ్లలో వాటినీ తట్టుకునే బూజులు వచ్చాయి. మందు బూజును మార్చదు. కోట్లాది బీజాల్లో ఎక్కడో ముందే ఉన్న మొండి రకాన్ని ఒంటరిగా మిగిల్చి, చేనంతా దానికి రాసిస్తుంది.

చివరికి వాళ్లు మళ్లీ మాంకోజెబ్ లాంటి పాతకాలపు మందుల దగ్గరికి వచ్చారు. ఇవి బూజును ఒక్క చోట కాక చాలా చోట్ల దెబ్బతీస్తాయి కాబట్టి తప్పించుకోవడం కష్టం. లోపలికి పోయి నయం చేసే గుణం లేదు, ఆకు మీద పూతలా ఉండి కాపాడతాయి, వానకు కడుక్కుపోతాయి. కొత్త మందుకు తోడుగా వాటిని కలిపి వాడుతున్నారు.

విత్తనంలో దాగిన జవాబు, దాని చిక్కులు

తుప్పును తట్టుకునే జన్యువులు సోయాలో కొన్నే ఉన్నాయి. ఆర్‌పీపీ1 నుంచి ఆర్‌పీపీ7 దాకా పేర్లు పెట్టారు. వాటిలో మూడోది దొరికింది అంకుర్ అనే మన దేశపు రకంలో. ఒక్కో జన్యువు కొన్ని తెగల బూజునే ఆపుతుంది, తెగ మారితే గడియ ఊడిపోతుంది. ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయం తెచ్చిన డీఎస్‌బీ 21, మహారాష్ట్ర నుంచి వచ్చిన ఫులే సంగమ్ లాంటి రకాలు కృష్ణా లోయ రైతులకు ఊరట ఇచ్చాయి.

2016లో ఇంకో వార్త వచ్చింది. కందిలో ఉన్న ఒక జన్యువును సోయాలోకి ఎక్కిస్తే తుప్పును బాగా అడ్డుకుందని పరిశోధకులు ప్రకటించారు. ఆదిలాబాద్ చేలల్లో సోయా సాళ్ల మధ్య కంది వేయడం మామూలు సంగతే, పక్క సాలులోనే మందు ఉందన్నమాట. కానీ అది జన్యుమార్పిడి మొక్క. జన్యుమార్పిడి సోయా సాగుకు మన దేశంలో అనుమతి లేదు. దానిమీద వాదాలు వేరే పెద్ద కథ.

మామూలు పద్ధతిలో రకాలు పెంచేవాళ్లకూ ఒక ఇరకాటం ఉంది. ఒక రకంలో అన్ని గుణాలూ ఒకేసారి కూర్చడం కుదరదు. మధ్య భారతంలో ఏటా ఖాయంగా దెబ్బ కొట్టేది పసుపు వైరస్, బొగ్గు కుళ్ళు. తుప్పు వచ్చేది ఎప్పుడో. అందుకే ఇందోర్ సోయా పరిశోధన సంస్థ చుట్టూ ఉన్న చేలకు, ఉగార్ ఖుర్ద్ చేలకు కావాల్సిన విత్తనం ఒకటి కాదు. 1994లో, తుప్పు మధ్యప్రదేశ్‌ను కుదిపిన ఏడాదే, విడుదలైన జేఎస్ 335 రకానికి తుప్పును తట్టుకునే శక్తి లేదు. అయినా ముప్పై ఏళ్లుగా తెలంగాణ చేలల్లో అది కొనసాగుతూనే ఉంది. తొందరగా పంటకొస్తుంది, గింజ బాగుంటుంది, దొరుకుతుంది. ఇన్నేళ్లూ దాన్ని తుప్పు నుంచి కాపాడింది దాని గుణం కాదు, మే నెల ఎండ.